వదులుకున్నదాన్ని లెక్కగట్టడం ఎలా: తులనాత్మక ప్రయోజనాన్ని విశాఖ ఉదాహరణలతో తేల్చుకునే పద్ధతి

సాయంత్రం వేళ విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో నిలబడి చూస్తే, రేవులోకి పిలుపు కోసం దూరాన లంగరు వేసుకున్న ఓడలు కనిపిస్తాయి. వాటిలో ఉక్కు కర్మాగారానికి కోకింగ్ బొగ్గు (ఇనుమును కరిగించే కొలిమిలో వాడే మేలురకం బొగ్గు) తెచ్చినవి ఉంటాయి, ఒడిశా కొండల నుంచి రైలులో దిగిన అల్యూమినాను (అల్యూమినియం తీయడానికి వాడే తెల్ల పొడిని) నింపుకొని పోయేందుకు వచ్చినవి ఉంటాయి, శీతల కంటెయినర్లలో రొయ్యలను ఎక్కించుకునేవి ఉంటాయి. మన దేశంలో బొగ్గు గనులు ఉండగా బొగ్గు ఎందుకు దిగుతోంది, అల్యూమినాను ఇక్కడే అల్యూమినియంగా మార్చకుండా పొడిగానే ఎందుకు పంపుతున్నాం అని డిగ్రీ విద్యార్థులు ఏటా నన్ను అడుగుతారు. ఎవరికి ఏ పని బాగా వస్తే వారు ఆ పని చేస్తారన్నది వారికి వెంటనే తోచే జవాబు. ఆ జవాబుతో ఈ ప్రశ్నలు తేలవు. ఒక పని చేయడానికి ఏ పనిని వదులుకోవలసి వస్తోందో లెక్కగట్టినప్పుడే అవి తేలుతాయి. ఆ లెక్కను మీరే స్వయంగా వేసుకోవడానికి కావలసిన అడుగులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక తెల్ల కాగితం, పెన్సిలు, భాగహారం చేయగల ఓపిక ఉంటే చాలు.

మొదటి అడుగు: రెండు పనులు, ఇద్దరు మనుషులు, ఒకే కొలత

దేశాలతో మొదలుపెట్టకండి. దేశం అనగానే కరెన్సీ, సుంకాలు, రాజకీయాలు అన్నీ ఒక్కసారిగా మీద పడి అసలు విషయం మరుగున పడిపోతుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపలు కోసే స్త్రీలను చూసే ఉంటారు. అక్కడ ఒక వదిన, మరదలు పని చేస్తున్నారని అనుకుందాం. ఇద్దరికీ విడివిడిగా హోటళ్ల ఆర్డర్లు ఉన్నాయి. ఇద్దరూ రోజూ కొన్ని కిలోల రొయ్యలు ఒలిచి, కొన్ని కిలోల చేపలు కోసి ఇవ్వాలి. వదిన గంటకు 3 కిలోల రొయ్యలు ఒలవగలదు, లేదా 12 కిలోల చేపలు కోయగలదు. మరదలు కొత్తగా పనిలోకి వచ్చింది కాబట్టి గంటకు 2 కిలోల రొయ్యలు ఒలవగలదు, లేదా 4 కిలోల చేపలు మాత్రమే కోయగలదు.

ఈ అంకెలను నాలుగు గళ్ల పట్టికగా రాసుకోండి. అడ్డ వరుసల్లో మనుషులు, నిలువు వరుసల్లో పనులు. కొలత మాత్రం తప్పనిసరిగా ఒకటే ఉండాలి: ఒకరి అంకెలను గంటల్లో, మరొకరి అంకెలను రూపాయల్లో రాస్తే పట్టిక పనికిరాదు. ఈ పట్టిక ప్రకారం వదిన రెండు పనుల్లోనూ ముందుంది. అర్థశాస్త్రంలో దీన్ని నిరపేక్ష ప్రయోజనం అంటారు. 1776లో ఆడమ్ స్మిత్ వర్తకానికి చెప్పిన కారణం ఈ నిరపేక్ష ప్రయోజనం దగ్గరే ఆగింది. రెండు పనుల్లోనూ వెనుకబడిన మరదలికి ఆ వాదనలో చోటు దొరకదు. అందుకే ఇంకో అడుగు వేయాలి.

రెండో అడుగు: వదులుకున్నది ఎంత?

ఈ విధానానికంతటికీ ప్రాణం ఈ అడుగులోనే ఉంది కాబట్టి నిదానంగా చేయండి. వదిన ఒక గంట రొయ్యల మీద పెడితే 3 కిలోలు వస్తాయి, కానీ అదే గంటలో కోయగలిగిన 12 కిలోల చేపలు పోతాయి. అంటే ఆమెకు కిలో రొయ్యల ఖరీదు 4 కిలోల చేపలు. మరదలు అదే గంటలో 2 కిలోల రొయ్యలు ఒలిచి 4 కిలోల చేపలు వదులుకుంటుంది. ఆమెకు కిలో రొయ్యల ఖరీదు 2 కిలోల చేపలే. ఇలా వదులుకున్నదాన్నే అవకాశ వ్యయం అంటారు.

ఇప్పుడు లెక్కను తిరగేయండి. కిలో చేపలు కోయడానికి వదిన పావు కిలో రొయ్యలను వదులుకుంటే, మరదలు అర కిలో రొయ్యలను వదులుకుంటుంది. రొయ్యలు ఒలవడంలో మరదలి అవకాశ వ్యయం తక్కువ, చేపలు కోయడంలో వదినది తక్కువ. తక్కువ వదులుకునేవారికే ఆ పనిలో తులనాత్మక ప్రయోజనం ఉందని చెబుతాం. ఒక సరుకులో అవకాశ వ్యయం తక్కువైతే, రెండో సరుకులో అది దానంతట అదే ఎక్కువవుతుంది. ఒక అంకె మరొక అంకెకు విలోమం కాబట్టి. అందువల్ల ఎంత నైపుణ్యం గలవారికైనా రెండింటిలోనూ తులనాత్మక ప్రయోజనం ఉండడం గణితపరంగా అసాధ్యం, ఎంత వెనుకబడినవారికైనా ఏదో ఒకదానిలో అది లేకుండా పోవడమూ అసాధ్యమే. ఇద్దరి నిష్పత్తులూ అచ్చంగా సమానమైతే తప్ప ఈ మాటకు మినహాయింపు లేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా, ఈ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ ఆనందం కలుగుతుంది.

మూడో అడుగు: పనిని పంచి మొత్తం చూడడం

ఇద్దరూ రోజుకు 6 గంటలు పని చేస్తారనుకోండి. ఎవరికి వారు 3 గంటలు రొయ్యల మీద, 3 గంటలు చేపల మీద పెడితే వదినకు 9 కిలోల రొయ్యలు, 36 కిలోల చేపలు. మరదలికి 6 కిలోల రొయ్యలు, 12 కిలోల చేపలు అవుతాయి. ఇద్దరిదీ కలిపి 15 కిలోల రొయ్యలు, 48 కిలోల చేపలు.

ఇప్పుడు మరదలు 6 గంటలూ రొయ్యలే ఒలిస్తే 12 కిలోలు వస్తాయి. వదిన ఒక్క గంట మాత్రం రొయ్యల మీద పెట్టి 3 కిలోలు ఒలిచి, మిగిలిన 5 గంటల్లో 60 కిలోల చేపలు కోస్తుంది. రొయ్యలు ముందులాగే 15 కిలోలు, చేపలు మాత్రం 60 కిలోలు. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ పని చేయలేదు, ఎవరి చేయీ కొత్తగా వేగం పుంజుకోలేదు, అయినా 12 కిలోల చేపలు అదనంగా వచ్చాయి. ప్రత్యేకీకరణ అంటే ఇదే. వదిన పూర్తిగా చేపలకే పరిమితం కాలేదన్న సంగతి కూడా గమనించండి. గిరాకీని బట్టి ఒకరు పూర్తిగా, మరొకరు పాక్షికంగా ప్రత్యేకీకరణ పొందడం సర్వసాధారణం.

నాలుగో అడుగు: మారకపు హద్దులు

అదనంగా వచ్చిన 12 కిలోలు ఎవరికి చెందాలి? కిలో రొయ్యలకు 2 కిలోల కంటే తక్కువ చేపలు ఇస్తామంటే మరదలు ఒప్పుకోదు, ఎందుకంటే తానే కోసుకుంటే అంతకంటే ఎక్కువ వస్తాయి. 4 కిలోల కంటే ఎక్కువ ఇమ్మంటే వదిన ఒప్పుకోదు. కాబట్టి మారకం 2కు, 4కు మధ్య ఎక్కడో కుదరాలి. 3 దగ్గర కుదిరిందనుకుంటే, మరదలు 6 కిలోల రొయ్యలు ఇచ్చి 18 కిలోల చేపలు తీసుకుంటుంది. ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఆమెకు 6 కిలోలు ఎక్కువ. వదినకు 9 కిలోల రొయ్యలు, 42 కిలోల చేపలు మిగులుతాయి. ఆమెకూ 6 కిలోలు ఎక్కువే. మారకం 2కు దగ్గరగా జరిగితే లాభంలో పెద్ద వాటా వదినది, 4కు దగ్గరగా జరిగితే మరదలిది.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని వర్తక నిబంధనలు అన్న పేరుతో చదువుతారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇద్దరికీ లాభం ఉంటుందని ఈ లెక్క రుజువు చేస్తుంది గానీ, ఆ లాభం న్యాయంగా పంచబడుతుందని రుజువు చేయదు. పంపకం గిరాకీ మీద, బేరమాడే శక్తి మీద ఆధారపడుతుంది. ముడి సరుకులు అమ్మే పేద దేశాలు దశాబ్దాలుగా చేస్తున్న ఫిర్యాదు వర్తకం మీద కంటే ఈ పంపకం మీదే ఎక్కువ.

ఐదో అడుగు: అదే పట్టికలో దేశాలను పెట్టడం

ఈ లెక్కను 1817లో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఇంగ్లండు, పోర్చుగల్ దేశాలతో చేసి చూపాడు. ఒక నిర్ణీత పరిమాణం వస్త్రానికి ఇంగ్లండులో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది ఏడాది పాటు పని చేయాలని, అలాగే ద్రాక్షసారాకు ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది కావాలని ఆయన ఊహించాడు. ఇక్కడ అంకెలు గంటకు ఎంత సరుకు అని కాకుండా, ఒక సరుకుకు ఎంత శ్రమ అని ఉన్నాయి. కాబట్టి చిన్న అంకె మెరుగైనది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది సరిగ్గా ఈ చోటే. పట్టిక చేతికి రాగానే అంకెలు దేన్ని కొలుస్తున్నాయో ముందుగా పైన రాసుకోండి.

పోర్చుగల్ రెండింటిలోనూ ముందుంది. అయితే అక్కడ ఒక పాలు (పైన చెప్పిన ఒక నిర్ణీత పరిమాణం) ద్రాక్షసారా కోసం 80 భాగించు 90, అంటే సుమారు 0.89 పాళ్ల వస్త్రం వదులుకుంటే సరిపోతుంది. ఇంగ్లండు 120 భాగించు 100, అంటే 1.2 పాళ్లు వదులుకోవాలి. కాబట్టి ద్రాక్షసారా పోర్చుగల్ చేయాలి, వస్త్రం ఇంగ్లండు చేయాలి. రెండు దేశాలూ రెండేసి సరుకులు సొంతంగా చేసుకుంటే 390 మంది శ్రమ పడుతుంది. ఇంగ్లండు రెండు పాళ్ల వస్త్రం, పోర్చుగల్ రెండు పాళ్ల ద్రాక్షసారా చేస్తే 200కు 160 కలిపి 360 మంది చాలు. మిగిలిన 30 మంది శ్రమే వర్తకం వల్ల వచ్చిన లాభం. ఒకటికి ఒకటి మార్చుకుంటే అందులో ఇంగ్లండుకు 20, పోర్చుగల్‌కు 10 మిగులుతాయి.

ఆరో అడుగు: గంటలను రూపాయల్లోకి మార్చడం

మార్కెట్లో ఎవరూ అవకాశ వ్యయం అడిగి సరుకు కొనరు, ధర అడుగుతారు. అయితే అవకాశ వ్యయం ధరలోకి ఎలా దిగుతుంది? కూలి ద్వారా దిగుతుంది. చేపలు కోయడంలో వదిన మరదలి కంటే 3 రెట్లు వేగం, రొయ్యలు ఒలవడంలో ఒకటిన్నర రెట్లు వేగం. కాబట్టి వదిన కూలి మరదలి కూలికి ఒకటిన్నర రెట్ల నుంచి 3 రెట్ల లోపు ఉండి తీరాలి.

నమ్మకం కుదరకపోతే అంకెలు వేసి చూడండి. మరదలి కూలి గంటకు 100 రూపాయలు, వదినది 200 రూపాయలు అనుకుందాం. రొయ్యల ఒలుపు మరదలి దగ్గర కిలోకు 50 రూపాయలు, వదిన దగ్గర సుమారు 67 రూపాయలు పడుతుంది. చేపల కోత మరదలి దగ్గర 25 రూపాయలు, వదిన దగ్గర సుమారు 17 రూపాయలు. హోటలువారు రొయ్యలు మరదలికి, చేపలు వదినకు ఇస్తారు. ఎవరూ సిద్ధాంతం చదవకుండానే పని సరైన చేతుల్లోకి చేరింది. వదిన కూలి 350కి పెంచితే చేపల కోత కూడా ఆమె దగ్గర 29 రూపాయలై మరదలి కంటే ఖరీదవుతుంది, ఆమెకు పని దొరకదు. 140కి తగ్గిస్తే రొయ్యల ఒలుపు ఆమె దగ్గరే 47 రూపాయలకు దొరుకుతుంది, అప్పుడు మరదలు ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. ఈ రెండు స్థితులూ నిలవవు; పని లేని వైపు కూలి దిగుతుంది, పని ఎక్కువైన వైపు పెరుగుతుంది.

దేశాల మధ్య ఈ సర్దుబాటు కూలి రేట్లతో పాటు మారకపు రేటు ద్వారా జరుగుతుంది. అమెరికాలో దాదాపు ప్రతి పనీ మనకంటే ఎక్కువ ఉత్పాదకతతో జరుగుతుంది, అయినా వారు మన సరుకు కొంటారు. వారి కూలి అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో ఉన్న రంగాల్లో మన సరుకు వారికి చవక కాబట్టి. తక్కువ కూలి మన ప్రయోజనానికి మూలకారణం అనుకోవడం పొరపాటు. తక్కువ ఉత్పాదకతకు అది ఫలితం. ఉత్పాదకత పెరిగితే కూలి కూడా పెరగవచ్చు, వర్తకం ఆగదు. ఈ సంగతి తెలిసినవారు కూలీల వేతనాలు పెరిగితే ఎగుమతులు పోతాయన్న వాదనను విన్న వెంటనే ఒప్పుకోరు; ఉత్పాదకత ఎంత పెరిగిందో ముందు అడుగుతారు.

ఏడో అడుగు: రవాణా, సుంకం

పై లెక్కలో రొయ్యల ఒలుపులో ఇద్దరి ధరలకు మధ్య తేడా దాదాపు 17 రూపాయలు. ఆటో కిరాయి, ఐసు ఖర్చు కలిపి కిలోకు 20 రూపాయలైతే మారకమే ఉండదు, ఎవరి పని వారే చేసుకుంటారు. క్షవరం, ఇంటి నిర్మాణం వంటివి దేశం దాటకపోవడానికి, ఇసుక, ఇటుక ఎక్కువ దూరం పోకపోవడానికి కారణం ఇదే. విశాఖ రేవు 1933లో తెరుచుకున్నదే ఈ ఖర్చు తగ్గించడానికి: అప్పటి మధ్యపరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజం గనుల్లో ఉండి లాభం లేదు, రాయపూర్ నుంచి విజయనగరం రైలుమార్గం, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున లోతైన రేవు వచ్చాకే ఈ తీరానికి ఎగుమతి సరుకైంది.

సుంకం కూడా లెక్కలో రవాణా ఖర్చులాగే పని చేస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే, అది ఒక సంతకంతో రాత్రికి రాత్రి మారగలదు. మన రొయ్యలపై అమెరికా 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (న్యాయమైన ధర కంటే తక్కువకు అమ్ముతున్నారంటూ వేసే సుంకం) వేస్తోంది. 2025 ఆగస్టులో మన దేశపు సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, రొయ్యల్లో మనతో పోటీపడే ఈక్వడార్‌పై ఆ అదనపు సుంకం 15 శాతమే. ఇక్కడ సుంకం ఎంత అన్న ప్రశ్నతో ఆగకండి. పోటీదారు మీద ఎంత, మన మీద ఎంత, ఆ తేడా మన ధరల్లోని ఆధిక్యాన్ని మింగేస్తోందా అన్నది రాసుకోండి.

ఎనిమిదో అడుగు: ఆ ప్రయోజనం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం

లెక్క ఏ సరుకులో ప్రయోజనం ఉందో చెబుతుంది. ఎందుకు ఉందో చెప్పదు. కారణం తెలియకపోతే అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేరు.

స్వీడన్ ఆర్థికవేత్తలు హెక్షర్ 1919లో, ఓలిన్ 1933లో ఇచ్చిన వివరణ ప్రకారం, ఏ దేశంలో ఏ ఉత్పత్తి కారకం (భూమి, శ్రమ, పెట్టుబడి వంటివి) సమృద్ధిగా ఉందో ఆ కారకాన్ని ఎక్కువగా వాడుకునే సరుకులో ఆ దేశానికి ప్రయోజనం ఉంటుంది. దీన్ని రొయ్యలతోనే పరీక్షించండి. ఈరోజు మన చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు జీవి. మన దేశంలో దాని వాణిజ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. ఈక్వడార్‌కు అది సొంత ఇంటి రొయ్య. అక్కడివారు చాలావరకు తలతో, పొట్టుతో ఉన్న రొయ్యను గడ్డకట్టించి చైనాకు పంపుతారు. మనవారు ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచి, నరం తీసి అమెరికాకు పంపుతారు. చెరువులు రెండు చోట్లా ఉన్నాయి, సముద్రం రెండు చోట్లా ఉంది. తేడా అంతా ఒలిచే చేతుల దగ్గర ఉంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా శుద్ధి కర్మాగారాల్లో నిలబడి పని చేసే స్త్రీల శ్రమే ఆ సరుకు విలువను పెంచుతోంది. మన ప్రయోజనం రొయ్యలో ఉందనుకుంటాం, నిజానికి ఒలుపులో ఉంది. ఒక సరుకును దాని దశలుగా విడదీసి, ఒక్కో దశకూ పై లెక్క విడిగా వేస్తేనే ఇలాంటి సంగతి బయటపడుతుంది. మీరు ఏ సరుకు తీసుకున్నా ఈ విడదీయడం తప్పనిసరిగా చేయండి.

అల్యూమినాకు అదే పని చేద్దాం. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో బాక్సైటును శుద్ధి చేసి తెల్లని అల్యూమినా పొడిగా మారుస్తుంది. కొంత భాగం అంగుల్‌లోని తన కర్మాగారానికి పోగా, మిగులు విశాఖ రేవు నుంచి విదేశాలకు వెళుతుంది. టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు రెండు టన్నుల అల్యూమినా, దానితో పాటు 13 నుంచి 15 వేల యూనిట్ల కరెంటు కావాలి. 14 వేల యూనిట్లు అంటే నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి 70 నెలలకు సరిపోయే కరెంటు. కాబట్టి మన దగ్గర కరిగించిన ప్రతి టన్ను అల్యూమినియానికీ వదులుకున్నది ఏమిటంటే ఆ కరెంటుతో నడవగలిగిన మోటార్లు, మిల్లులు, ఇళ్లు. సహజవాయువు సమృద్ధిగా ఉన్న గల్ఫ్ దేశాలు, జలవిద్యుత్తు మిగిలిపోయే ఐస్‌లాండ్, నార్వే వంటివి ఆ పనికి వదులుకునేది తక్కువ. అందుకే బాక్సైటు గనులు లేని దేశాలు కూడా అల్యూమినియం ఎగుమతి చేస్తున్నాయి. మొదట్లో విద్యార్థుల ప్రశ్నగా చెప్పినదానికి జవాబు ఇదే: మనకు అల్యూమినియం చేయడం చేతకాక కాదు, దానికి పోయే కరెంటు ఖరీదైనది కాబట్టి.

వనరుల వివరణ అన్నిచోట్లా సరిపోదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు చేర్చేందుకు 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలుమార్గం వేశారు. పెద్ద ఓడల కోసం విశాఖ రేవులో 1976లో ఔటర్ హార్బర్ అందుబాటులోకి వచ్చింది. ఖనిజమూ కోకింగ్ బొగ్గూ రెండూ బయటి నుంచి తెచ్చుకునే జపాన్ ఉక్కులో ప్రపంచ అగ్రస్థాయికి చేరింది. తీరం వెంట కర్మాగారాలు, భారీ ఓడలు, కొత్త కొలిమి సాంకేతికత అక్కడి ప్రయోజనాన్ని తయారుచేశాయి. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని సముద్రం పక్కన కట్టడంలోనూ కొంత అలాంటి ఆలోచనే ఉంది: మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి మంచి కోకింగ్ బొగ్గును ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి తెచ్చుకోక తప్పదు, అలాంటప్పుడు ఓడ దిగిన చోటే కొలిమి ఉండడం మేలు. దేశంలో బొగ్గు ఉన్నా బొగ్గు దిగుమతి ఎందుకన్న మొదటి ప్రశ్న ఇక్కడ తేలిపోయింది. బొగ్గు అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు ఉన్నాయి.

అరకు కాఫీ మరో రకం. సుమారు 900 మీటర్ల ఎత్తులోని చల్లదనం, సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకే పాకే మిరియాల తీగ కలిసి గిరిజన రైతుకు ఒకే నేలలో రెండు పంటలు ఇస్తాయి. పరిమాణంలో బ్రెజిల్‌తో పోటీపడే మాటే లేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికాగా, ఊరి పేరుతో అమ్ముడుపోవడమే దాని బలం. అయినా ఆ రైతు రాగులు, పసుపు వదిలిపెట్టడు. ప్రత్యేకీకరణను ఆఖరి అంగుళం దాకా తీసుకుపోకూడదని అతనికి అనుభవం చెబుతుంది, సిద్ధాంతమూ అదే చెబుతుంది: కాఫీకి అనువైన భూమి అయిపోయి, అనువుకాని భూమిలోకి కాఫీని జరిపేకొద్దీ వదులుకునే పంట విలువ పెరుగుతూ పోతుంది.

తొమ్మిదో అడుగు: గణాంకాలతో సరిచూడడం

సరుకుకు ముందుగా హెచ్‌ఎస్ కోడ్ (అన్ని దేశాలూ వాడే సరుకుల వర్గీకరణ సంఖ్య) కనుక్కోండి. రొయ్యలు 0306లో, జీడిపప్పు 0801లో, కాఫీ 0901లో, ఇనుప ఖనిజం 2601లో, అల్యూమినా 2818లో వస్తాయి. కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైటులోని ఎగుమతి దిగుమతి సమాచార నిధిలోనూ, ఐక్యరాజ్యసమితి వర్తక గణాంకాల నిధి కామ్‌ట్రేడ్‌లోనూ కోడ్ ఇస్తే ఏ దేశం ఎంత విలువ అమ్మిందో కనిపిస్తుంది.

1965లో ఆర్థికవేత్త బెలా బలాస్సా ప్రతిపాదించిన సూచిక ఇక్కడ పనికొస్తుంది. మన మొత్తం ఎగుమతుల్లో ఆ సరుకు వాటాను, ప్రపంచ మొత్తం ఎగుమతుల్లో అదే సరుకు వాటాతో భాగించాలి. ఉదాహరణకు మనం 100 రూపాయల ఎగుమతుల్లో 2 రూపాయలు ఆ సరుకుతో సంపాదిస్తూ, ప్రపంచం 100 రూపాయల్లో 50 పైసలే సంపాదిస్తుంటే సూచిక 4. ఒకటి దాటితే ప్రయోజనం వెల్లడైందని, ఒకటి లోపు ఉంటే కాలేదని అర్థం. ఒక్క ఏడాది అంకెను నమ్మవద్దు. వ్యాధి వచ్చిన ఏడాది, ధర పడిపోయిన ఏడాది సూచిక తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి కనీసం ఐదేళ్లు చూడండి. ప్రభుత్వ రాయితీ ఇచ్చిన సరుకు కూడా ఈ సూచికలో బలంగా కనిపిస్తుంది. పలాస జీడిపప్పు విషయంలో ఇంకో చిక్కు ఉంది: గింజల్లో కొంత ఆఫ్రికా నుంచి దిగుమతి అయినవే, కాబట్టి ఎగుమతి విలువలో మనది పగలగొట్టడం, ఒలవడం, గ్రేడింగ్ అంతే. దిగుమతి విలువను తీసివేశాకే సూచిక వేయండి.

పదో అడుగు: నష్టపోయేవారిని పట్టికలో చేర్చడం

దేశం మొత్తానికి లాభమని తేలిన తర్వాత చాలామంది పెన్సిలు కింద పెట్టేస్తారు. అక్కడ ఆపవద్దని నా విన్నపం. వంటనూనెల్లో 1990ల తొలినాళ్లకు మనం స్వయంసమృద్ధికి చాలా దగ్గరగా వచ్చాం. 1994లో పామాయిల్ దిగుమతిని సడలించాక ఇండోనేషియా, మలేషియా నుంచి నూనె రావడం పెరిగి, ఇప్పుడు మన వాడకంలో సగానికి పైగా దిగుమతే. హెక్టారుకు ఎంత నూనె వస్తుందన్న లెక్కలో పామాయిల్ ముందు వేరుశనగ నిలవదు, కాబట్టి సిద్ధాంతం ఈ మార్పును సమర్థిస్తుంది. విశాఖలో మిర్చి బజ్జీలు వేసేవారికి నూనె చవకైంది. రాయలసీమలో వర్షాధార వేరుశనగ రైతుకు మాత్రం వేరే పంట వేసే నీరు లేదు. సిద్ధాంతంలో శ్రమ ఒక పని నుంచి మరో పనికి ఖర్చు లేకుండా జరిగిపోతుంది. భూమి, వయసు, అప్పు ఉన్న మనిషి అలా జరగలేడు.

కాబట్టి మీ పట్టిక కింద ఇంకో రెండు గళ్లు గీయండి. మొదటి గడిలో, దిగుమతి వల్ల ధర పడిపోయే సరుకును ఎవరు ఏ ప్రాంతంలో చేస్తున్నారో రాయండి. రెండో గడిలో, వారు మారగలిగిన పని ఏమిటో, దానికి ఎంత కాలం, ఎంత ఖర్చు పడుతుందో రాయండి. ఆ ఖర్చు మూడో అడుగులో తేలిన లాభం కంటే తక్కువైతే, లాభపడినవారి నుంచి నష్టపోయినవారికి పరిహారం ఇచ్చి కూడా అందరూ ముందుకంటే మెరుగ్గా ఉండే వీలుంది. ఇవ్వగలగడం వేరు, నిజంగా ఇవ్వడం వేరు. ఆ రెండో దానికి చట్టం, బడ్జెట్ కావాలి. ఎగుమతి వైపు కూడా ఇలాంటి గడి ఉండాలి: ఒకే జాతి రొయ్యను, ఒకే దేశపు కొనుగోలుదారు కోసం పెంచే ప్రాంతానికి తెల్లమచ్చ వ్యాధి గానీ కొత్త సుంకం గానీ తగిలితే ఏ పంటకు మళ్లగలరో ముందే రాసి ఉంచుకోండి.

కాగితం మీద పైన తేదీ వేసి దాచిపెట్టుకోండి. సుంకమో ఓడ కిరాయో మారితే ఏడో అడుగు నుంచి తిరిగి లెక్కించండి. రూపాయి విలువ లేదా కూలి రేటు మారితే ఆరో అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఒలుపు యంత్రం, కొత్త విత్తన రకం, చవకైన సౌరవిద్యుత్తు వంటివి వచ్చినప్పుడు మాత్రం పాత అంకెలను సవరించుకుంటూ కూర్చోవద్దు. మొదటి అడుగులోని నాలుగు గళ్ల పట్టికను కొత్త కాగితం మీద మళ్లీ గీయండి.